నూనె తాగిన కర్ర

శనివారం మధ్యాహ్నం ఆవిరిగది పొయ్యి రాజేశాక, మనుషులు స్నానాలకి రాకముందే రెయినో తన దగ్గరికి బాగుకొచ్చిన తుపాకుల వెనకభాగపు కర్రల్ని ఊడదీసి ఆ గదిలో పెట్టేవాడు. మిషిగన్ ఉత్తరాన ఆ ఇనుపగని ఊళ్ళో వేటకి వెళ్ళని మగవాడు లేడు. సైన్యాలు వదిలించుకున్న పాత తుపాకులు గ్రీజులో మునిగి, పెట్టెల్లో, పోస్టులో వచ్చేవి. ఇనుముకి అంటిన గ్రీజు ఎవరైనా తుడుచుకుంటారు. కర్రలోకి దిగింది మాత్రం వేడికే బయటికొస్తుంది. బెంచీ మీద పాత పేపరు పరిచి కర్రని పడుకోబెడితే గంటలో మనిషికి పట్టినట్టే దానికీ చెమట పట్టేది. తుడిచి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తుడిచి, పాత వార్నీషు గీకేసేవాడు. సొట్టల మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే కర్ర ఉబ్బి సొట్ట పైకి లేచేది. తరవాత గరుకు కాగితం. ఆఖరున అవిసె నూనె, అది అరచేత్తోనే రుద్దాలి.

కర్రలన్నీ ఒకేలా తాగవు. మూడు పూతలకే చాలించేవి కొన్ని, ఎనిమిదికి గానీ తృప్తి పడనివి కొన్ని. తాగినకొద్దీ బరువెక్కుతాయి. పోస్టాఫీసు లూయీ తుపాకి అలాగే బరువెక్కితే ఇద్దరు మోసుకెళ్ళి బండిలో వేశారు. "ఏం మేపావయ్యా దీన్ని?" అని నవ్వుకుంటూ తీసుకెళ్ళి, ఆ చలికాలమంతా గాలికి కొట్టుకునే తలుపుకి దాన్నే అడ్డం పెట్టుకున్నాడు.

1959 డిసెంబరు మొదటి వారంలో రెయినో బావమరిది సూలో తన తుపాకి పట్టుకుని వచ్చాడు. జింకల వేట నవంబరు ముప్ఫైతోనే ముగిసిపోయింది.

"ఇప్పుడెందుకురా ఇది?" అన్నాడు రెయినో.

"ఊరికే బావా. చాన్నాళ్ళనుంచి అనుకుంటున్నాగా."

"పై ఏటికా?"

సూలో బూట్లకి అంటిన మంచు దులుపుకుంటూ ఉండిపోయాడు. "క్రిస్మస్ లోపు ఇస్తే చాలు," అన్నాడు చివరికి.

అతను వెళ్ళాక రెయినో భార్య హిల్యా వంటింట్లోంచి వచ్చింది. సూలో ఆవిడ తమ్ముడు. గనిలో పైబండ కూలకుండా ఊతగుంజలు నిలబెట్టడం అతని పని. ఇరవై ఆరేళ్ళు చేశాడు. ఏప్రిల్లో అతను నిలబెట్టిన గుంజల మధ్యే బండ కూలి, అతని ఒక్కగానొక్క కొడుకు వెయిక్కో పోయాడు. బండలో నీళ్ళు ఊరాయని, గుంజల లోపం కాదని విచారణలో తేల్చారు. తప్పు నీది కాదని ఊరంతా చెప్పింది. సూలో అందరికీ తలూపాడు. మర్నాటినుంచి గనికి వెళ్ళడం మానేశాడు. భార్య పోయి అప్పటికే ఆరేళ్ళు.

"మొన్న వాడి పక్కింటావిడ కనపడింది," అంది హిల్యా. "చలికాలానికని కొట్టి పెట్టుకున్న కట్టెలన్నీ వాళ్ళకి ఇచ్చేశాట్ట."

రెయినో సూలో వదిలివెళ్ళిన తుపాకిని గోడకి ఆనించాడు.

"అది వాడికి తిరిగి ఇవ్వకు."

"వాడి తుపాకి వాడికి ఇవ్వనని ఎలా చెప్పను?"

"పోయిందని చెప్పు."

"నేను అబద్ధమాడితే నా మొహమే చెప్పేస్తుంది. అయినా ఇది కాకపోతే ఇంకోటి తెప్పించుకుంటాడు."

రెయినో చర్చికి వెళ్ళాడు. పాస్టరుగారు సూలో కోసం ప్రార్థన చేస్తానన్నారు. డాక్టరు, మనిషి తనంతట తను వస్తే చూస్తానన్నాడు. ఊరి పోలీసాయన కుర్చీలో ఇబ్బందిగా కదిలి, "ఎవరి తుపాకి వాళ్ళింట్లో ఉంటే నేనేం చెయ్యగలను రెయినో?" అన్నాడు. సూలోనే అడుగుదామని రెయినో రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ వాతావరణం గురించి మాట్లాడి ఊరుకున్నాడు.

పని ఆలస్యం చెయ్యడం కూడా అతనికి చేతకాలేదు. మూడు పూతలు వేశాడు. కర్ర మెరిసింది. షెడ్డులో పనిబల్ల మీద పెట్టి ఇనుము బిగించాడు. సూలో వచ్చి చెయ్యి వేసి ఎత్తబోయాడు. అది కదల్లేదు. రెయినో కూడా పట్టాడు. ఒక కొస మాత్రం లేచింది. చూస్తుండగానే కర్ర మీది మెరుపు లోపలికి ఇంకిపోయి, ఎండిన రొట్టెలా పాలిపోయింది.

"ఇంకా తాగుతోంది," అన్నాడు రెయినో.

"తాగనీ," అన్నాడు సూలో. "రేపొస్తా."

మర్నాడు వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. క్రిస్మస్ వెళ్ళిపోయింది. పదకొండు పూతలు, పదిహేను, ఇరవై. పొద్దున రుద్దిన నూనె మధ్యాహ్నానికి ఉండేది కాదు. దుకాణంలో అవిసె నూనె అయిపోతే కొట్టతను పక్క ఊరినుంచి తెప్పించాడు. "సూలో తుపాకికేనా? తాగుబోతుదే దొరికింది వాడికి," అన్నాడు. రెయినో అరచేతులు పగిలిపోయాయి. జనవరిలో భుజం పట్టేసి చెయ్యి లేవకపోతే సూలోయే చొక్కా చేతులు మడిచి రుద్దడం మొదలెట్టాడు. హిల్యా యాలకుల రొట్టె పెడితే సగం తినేవాడు. ఈ పూతతో సరిపోతుందేమోనని ఆవిడ రోజూ భయపడేది. సాయంత్రం అతను వెళ్తుంటే కిటికీలోంచి వీపు కనిపించినంతసేపూ చూసేది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం బల్ల కాళ్ళు నేలచెక్కల్లోకి దిగడం సూలో చూశాడు. వంగి, చెక్కమీద చెవి ఆనించి విన్నాడు.

"ఈ నేల ఆగదు బావా. కింద ఊతం కావాలి."

అని లేచి నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఏప్రిల్ తరవాత అతను గుంజ ముట్టుకోలేదు.

మర్నాడు దేవదారు దుంగలు తెచ్చుకుని కోశాడు. ఆ షెడ్డు రాళ్ళమీద నిలబెట్టింది. నేలకింద మనిషి పాకేంత ఎత్తు. సూలో వెల్లకిలా పాకుతూ లోపలికి వెళ్ళి, జాకీ పెట్టి నేలని ఎత్తి, నాలుగు గుంజలు నిలబెట్టి, సందుల్లో చెక్కముక్కలు దిగ్గొట్టాడు. సుత్తి చప్పుడు ఆగింది. రెయినో పైన నిలబడి ఉన్నాడు.

"అయిపోతే బయటికి రా. జాకీ ఇవతలినుంచి తాడుతో లాగేద్దాం."

కిందనుంచి జాకీ మర కిర్రుమంటూ తిరగడం వినిపించింది.

"సూలో! నువ్వు కిందుండగా వద్దురా!"

జాకీ పడిపోయింది. నేల ఒక్కసారి మూలిగింది. బల్ల ఊగింది. గోడకున్న రంపాలన్నీ గలగలమన్నాయి. తరవాత ఏమీ లేదు.

రెయినో నేలమీద బోర్లా పడుకుని చెక్కల సందులోంచి చూశాడు. సరిగ్గా బల్లకింద, తుపాకి బరువుకింద, సూలో చేతులు గుండెమీద పెట్టుకుని పైకి చూస్తూ పడుకుని ఉన్నాడు. రెయినో అరిచిన అరుపుకి హిల్యా పరుగెత్తుకొచ్చింది. ఆవిడ కూడా పక్కనే పడుకుంది. ఇద్దరూ చెక్కలకి మొహాలు ఆనించి ఉండిపోయారు, వాళ్ళకి ఇంకేం చెయ్యాలో తెలియలేదు.

కిందనుంచి సూలో గొంతు వినిపించింది.

"ఆగింది బావా."

"ఆగిందిరా."

"వెయిక్కో దగ్గర కూడా ఇలాగే కొట్టాను. ఒక్క చెక్క తక్కువ కొట్టలేదు. ఇది ఆగింది. అదెందుకు ఆగలేదు?"

కొడుకు పేరు అతని నోట వినడం పది నెలల్లో అదే మొదలు.

"నాకు తెలీదురా," అన్నాడు రెయినో. "తెలిస్తే చెప్పనూ?"

కింద మనిషి ఊపిరి గట్టిగా వినిపించింది. తరవాత, "కాళ్ళు రావట్లేదు. పట్టుకుని లాగండి," అన్నాడు.

మంచులో మోకాళ్ళమీద కూర్చుని రెయినో బాగున్న చెయ్యి లోపలికి చాపాడు. హిల్యా అతని బెల్టు పట్టుకుంది. ముగ్గురికీ చెమటలు పట్టాయి. బయటికొచ్చాక సూలో గోడకి చేరగిలబడి, చిన్నప్పుడు హిల్యా చంకనెక్కి ఏడ్చినట్టు, సిగ్గులేకుండా ఏడ్చాడు. ఆవిడ అతన్ని ఇంటికి పోనివ్వలేదు. వెనకగదిలో బూట్లతోనే పడి నిద్రపోయాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ వంటింట్లో కూర్చుని అతని గురక వింటూ ఉండిపోయారు. లేచాక ఏమంటాడో, రేపేం చేస్తాడో వాళ్ళకి తెలియదు. కట్టెలు ఇంకో రెండు పొయ్యిలో వేశారు, అంతే.

ఆ తుపాకిని ఎవరూ ఆ బల్లమీంచి దించలేకపోయారు. సూలో ఆ తరవాత పందొమ్మిదేళ్ళు బతికాడు. గుండెజబ్బుతో, ఆస్పత్రి మంచం మీద, అక్కని దుప్పటి సరిగ్గా కప్పమని విసుక్కుంటూ పోయాడు.