ఇంకా గట్టిగా

మగవాళ్ళ జబ్బల మీద వెంట్రుకలు గొరగడం నా ఉద్యోగంలో భాగమని మా అత్తయ్యకి ఇంతవరకూ చెప్పలేదు. వ్యాయామాల మీద పరిశోధన చేసే ల్యాబ్‌లో పని నాది. చర్మం నున్నగా గొరిగి, స్పిరిట్‌తో తుడిచి, చిన్న బిళ్ళలు అతికించి వైర్లు తగిలిస్తే, పుషప్స్ తీసేటప్పుడు చేతి కండరం ఎంత పనిచేస్తోందో కంప్యూటర్ తెర మీద గీతలుగా కనిపిస్తుంది. "ఏసీ గదిలో కూర్చుని గీతలు చూడటమేగా!" అంటారు మా ఆయన. అంటూనే ఖాళీ కప్పు నా చేతిలో పెడతారు, సింకు ఆయన పక్కనే ఉన్నా సరే.

పుషప్స్‌కి ముందు ఒక పరీక్ష ఉంటుంది. గోడకి బిగించిన పట్టీని ఒంట్లో బలమంతా పెట్టి తొయ్యాలి. అప్పుడొచ్చిన అంకెనే వంద అనుకుని మిగతావన్నీ దానితో పోలుస్తాం. మగవాళ్ళకి లెక్క కుదిరింది. ఆడవాళ్ళకి మాత్రం పుషప్స్‌లో వంద దాటిపోయింది. బలమంతా పెట్టాక, ఆపైన ఇంకా బలం ఎక్కణ్ణుంచి వస్తుంది?

"ఆడవాళ్ళు మనసు పెట్టి తొయ్యరమ్మా. వాళ్ళ డేటా తీసేసి పేపర్ పంపించేద్దాం" అన్నారు మా సారు. వాళ్ళని ఒక్కొక్కరినే బతిమాలి పిలుచుకొచ్చింది నేను. పిల్లల్ని ఎవరికో అప్పగించి, పనులు మానుకుని వచ్చారు. ఒళ్ళు మండిపోయింది.

ఆ మధ్యాహ్నం, పరీక్షలప్పుడు తీసిన వీడియోలు పెట్టుకుని చూశాను. మగవాడు పట్టీ పట్టుకుంటే చాలు, సారుకి పూనకమే. "తొయ్! ఇంకా! ఇంకా!" ఆడమనిషి రాగానే అదే సారు, "జాగ్రత్తమ్మా, నెమ్మదిగా. చెయ్యి పట్టేస్తుంది." వెనకాల వైర్లు పట్టుకుని నేనూ ఉన్నాను. నాకప్పుడు వింతగా కూడా అనిపించలేదు. ఎలా అనిపిస్తుంది? నెమ్మదిగా నడవమంది అమ్మ. గిన్నెలు చప్పుడు కాకూడదంటుంది అత్తయ్య. "గొంతు తగ్గించు, పక్కింటికి వినిపిస్తోంది" అంటారు ఆయన, తను మాత్రం వీధి చివరికి వినిపించేలా.

మర్నాడు, ఆసుపత్రిలో రోగుల్ని ఎత్తి పడుకోబెట్టే నర్సుని మళ్ళీ పిలిచాను. ఆమె పట్టీ పట్టుకుని నావైపు చూసింది.

"నెమ్మదిగానేనా?"

"కాదక్కా. ఇవాళ నేను అరుస్తాను, నువ్వు తొయ్యి."

మొదట పీలగొంతే లేచింది. ఇద్దరికీ నవ్వొచ్చింది. తర్వాత నిజంగానే అరిచాను. "తొయ్యక్కా! ఇంకా! ఉన్నదంతా పెట్టు! ఎవరికోసం దాచుకుంటావ్?" ఆమె మెడనరాలు ఉబ్బాయి. తెర మీద గీతలు ఎగబాకాయి. మొన్నటి వంద ఎక్కడో కిందుండిపోయింది.

పక్క గదిలోంచి సారు బయటికొచ్చారు. "ఏంటమ్మా ఈ గోల? ఆ డేటా తీసేద్దామన్నానుగా!"

పట్టీ దగ్గర్నుంచి నేను కదల్లేదు. గొంతూ తగ్గించలేదు.

"తియ్యడానికి వీల్లేదు సార్. తప్పు వాళ్ళది కాదు, మనం పెట్టిన పరీక్షది. అందరికీ మళ్ళీ చేస్తున్నాను. మీ తలుపేసుకోండి, ఇంకా చాలామంది రావాలి."