ఆమెన్ అనాల్సిన ప్రార్థన

చోడవరంలో మా చర్చి క్వయర్‌ని ఏళ్ల తరబడి నేనే నడిపాను. నడపడమంటే ఏమిటనుకున్నారు? లేటుగా వచ్చినవాణ్ణి ముఖం మీదే కడిగేయడం, ప్రాక్టీసయ్యాక పిలిచి టీ పోయడం. నా తిట్లు తిని మానేసినవాడు ఒక్కడూ లేడు. మోకాళ్లు పట్టేసి, నిలబడి పాడించలేని స్థితి వచ్చాక ఆ పని నా తమ్ముడి కూతురు క్రిస్టినాకు అప్పగించాను. "చిన్నపిల్ల, దాని మాట ఎవరింటారు స్వర్ణమ్మా?" అని సంఘ పెద్దలు నసిగారు. "క్రిస్మస్ దాకా సూడండి. పాట పాడైతే మీకు నచ్చినోళ్లకే ఇచ్చుకోండి" అన్నాను. అనడమైతే అన్నాను గానీ లోపల గుబులుగానే ఉండేది.

క్రిస్టినా రోజూ బస్సులో విశాఖపట్నం వెళ్లి ఏదో కంపెనీలో పని చేసి వస్తుంది. అక్కడ దానికి లీడర్‌షిప్ ట్రైనింగ్ ఇచ్చారట. వచ్చి నాకు పాఠం చెప్పింది.

"నలుగుర్లో ఎవుర్నీ తప్పు పట్టకూడదత్తా. మనిషి మనసు కష్టపడిపోద్ది."

"మరి లేటొస్తే ఏటి చేస్తావే? మెళ్లో దండేస్తావా?" అన్నాను.

నిజం చెప్పొద్దూ, పిల్ల మాట మీద నిలబడింది. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. చిక్కల్లా శామ్సన్‌తోనే వచ్చింది. మా డోలక్ వాడిదే. చోడవరం నుంచి వడ్డాది ఊరికి ఆటో తోలతాడు. వాడి చెయ్యి పడకపోతే మా పాట ఉప్పు లేని కూరే. కానీ ప్రతి శనివారం సాయంత్రం ఆరున్నర ప్రాక్టీసుకీ లేటు. నేను నడిపినప్పుడు "రండి దొరగారూ, వేంచేసేరా!" అంటే పళ్లికిలించి కూర్చునేవాడు. క్రిస్టినా ఆ మాట కూడా అనేది కాదు, మూతి బిగించుకునేది.

నవంబరులో ఒక శనివారం వాడు మరీ ఆలస్యంగా వచ్చాడు. ఆ రోజు ముగింపు ప్రార్థన క్రిస్టినా తనే చేసింది. అందరం కళ్లు మూసుకున్నాం.

"ప్రభువా, శామ్సన్ అన్నయ్యని ముట్టు తండ్రీ. నీ పనంటే లెక్కలేనితనం తీసెయ్యి. బద్ధకం తీసెయ్యి. మిగతావాళ్ల టైము పాడుచేస్తన్నానని తెలుసుకునే బుద్ధి దయచెయ్యి."

ఓర్నాయనో! నా కళ్లు వాటంతటవే తెరుచుకున్నాయి. దేవుడికి చెబుతున్నట్టు చెప్పి పక్కవాడికి వడ్డించడం మావాళ్లకు కొత్తేమీ కాదు. ముఖాన తిడితే తిరిగి ఒక మాట అనొచ్చు. ప్రార్థనకు ఎదురు మాట్లాడగలమా? నోరు మూసుకుని వినాలి, చివర్లో ఆమెన్ అనాలి. అందరం అన్నాం. శామ్సన్ కూడా అన్నాడు. డోలక్ మీద గుడ్డ కప్పి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ప్రాక్టీసుకు రాలేదు. క్రిస్టినా ఫోన్ చేస్తే ఎత్తలేదు.

"నేనేటీ అనలేదు కదత్తా. ప్రార్థనే కదా చేసేను" అంది.

"ఒసే, నేను నా నోటితో తిట్టేదాన్ని. నువ్వు దేవుణ్ణి అడ్డం పెట్టుకుని తిట్టేవు!" అని కసిరాను. డోలక్ లేక పాట నడ్డి విరిగిన ఎద్దులా కూలబడుతోంది. పెద్దలు కిటికీలోంచి చూసి తలలాడించుకుని పోతున్నారు.

డిసెంబరు మొదటి ఆదివారం ప్రభుబల్ల. ఎవరితోనైనా మనసు చెడి ఉంటే మాలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ముందుకు వెళ్లరు, వెనక కూర్చుండిపోతారు. ఎందుకని ఎవరూ అడగరు గానీ అందరూ చూస్తారు. శామ్సన్ మగవాళ్ల వైపు ఆఖరి బెంచీలో ఉండిపోయాడు. ఆ వెనకే నా ప్లాస్టిక్ కుర్చీ. క్వయర్ వాళ్లు లైను కట్టారు, ముందు క్రిస్టినా. ఇది రొట్టె తీసుకుని తన దారిన తను పోతే వాడు మళ్లీ డోలక్ ముట్టుకోడు.

అది పాస్టరు అయ్యగారి దాకా వెళ్లింది. చెయ్యి చాపబోయి ఆగి, వెనక్కి తిరిగింది. చర్చి అంతా చూస్తుండగా మగవాళ్ల వైపుకి నడిచొచ్చి శామ్సన్ పక్కన కూర్చుంది.

"అన్నయ్యా, ఆ రోజు నేను ప్రార్థన చెయ్యలేదు. నిన్ను తిట్టేను. నన్ను క్షమించు."

శామ్సన్ దాని వైపు తిరిగాడు. "తిట్టినందుక్కాదమ్మా. స్వర్ణమ్మగారు తిట్టలేదేటి? నేను బద్ధకస్తుణ్ణని దేవుడికి సెప్పేవు. దానికి నాసేతే ఆమెన్ అనిపించేవు. ఇంటికెల్లి అన్నం తినలేకపోయేను."

క్రిస్టినా ఏడ్చేసింది. నాకూ కళ్ల నీళ్లు ఆగలేదు.

"ఎందుకు లేటవుతాదో ఒక్కసారీ అడగలేదు నేను. ఇప్పుడు చెప్పన్నయ్యా."

"ఆటో నిండితే గానీ కదల్దు కదమ్మా. వడ్డాది జనం బజారు సూసుకుని ఎల్లేది ఆ టైముకే. ఆళ్లని దింపి రావాల."

"ఏడున్నరకి పెడితే వస్తావా?"

"ఎందుకు రాను?"

"మిగతావాళ్లని నేనడుగుతాను."

ఇద్దరూ లేచి లైను చివర నిలబడ్డారు. అయ్యగారు పాత్ర పట్టుకుని వాళ్లు వచ్చేదాకా ఆగారు.

శనివారం ఏడున్నరకు అందరికంటే ముందు శామ్సన్ వచ్చాడు. "ఈ రోజు నువ్వు ప్రార్థన చెయ్యన్నయ్యా" అంది క్రిస్టినా. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. వాడు గొంతు సవరించుకున్నాడు.

"ప్రభువా, మా క్రిస్టినా మంచి ఆడగుంట తండ్రీ. కానీ పల్లవి మరీ పైకెత్తేస్తంది. మగోళ్ల గొంతులు సిరిగిపోతన్నాయి. భయపడి ఎవులూ సెప్పట్లేదు. కాస్త నువ్వే సూడు తండ్రీ."

నేను కళ్లు తెరిచి దాన్నే చూశాను. కళ్లు గట్టిగా మూసుకునే ఉంది, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా "ఆమెన్" అంది.

పల్లవిని ఒక శ్రుతి దించి ఎత్తుకుంది. శామ్సన్ చెయ్యి డోలక్ మీద పడింది. మోకాళ్లు కలుక్కుమంటున్నా నేను లేచి అందరికీ టీ పెట్టడానికి వెళ్లాను.