క్యాపిటల్ అక్షరాలు

"ఆ జుట్టు నాది కాదంటే కాదు," అని మూడోసారి అంది పెద్దకోడలు. స్నానాలగదిలో నీళ్లు పోయే జాలీకి పట్టిన ఉండను చిన్నకోడలు పుల్లతో లాగుతోంది. సబ్బు జిడ్డుతో నల్లగా, తెగకుండా వస్తోంది.

"నావైపు చూడకండి. నాకసలు ఉంటేగా," అన్నాడు బావగారు బట్టతల నిమురుకుంటూ. అందరూ నవ్వారు. ఆయన అలా కడిగిన ముత్యంలా నిలబడటం చూసి చిన్నకోడలు పుల్లను ఇంకా గట్టిగా లాగింది.

ఆమే, బావగారూ ఒకే ఆస్పత్రి లేబొరేటరీలో పనిచేస్తారు. ఆయన మేనేజరు. రోగుల పరీక్షల ఫలితాలుండే డేటాబేస్ చూసుకునేది ఆమె. అందులోకి ఒకసారి వెళ్లాక, బయటికి రాకుండా అక్కడినుంచే బ్యాకప్ తీయొచ్చు, సర్వర్లో ఫైళ్లూ చెరిపేయొచ్చు. సోమవారం బ్యాకప్ ముగిశాక ఆమె తన పాస్‌వర్డుతో తెరిచిన సెషన్ మూయకుండా టీకి వెళ్లింది. ఐదు నిమిషాలు. ఆ సాయంత్రమే సర్వరు పాడైంది. చూస్తే ఈ నెల బ్యాకప్ ఒక్కటీ లేదు, పరీక్షల ఫలితాలన్నీ పోయాయి. రక్తం మళ్లీ ఇవ్వడానికి వచ్చినవాళ్లు మెట్లదాకా నిలబడ్డారు. ఒక ముసలాయన రెండు చేతులూ చాపి, ఏ నరం దొరికితే అది చూసుకోమన్నాడు.

నిన్న బావగారు ఒక కాగితం టైపు చేసి తెచ్చాడు, పొరపాటు ఆమెదేనని.

"సంతకం పెట్టమ్మా. కొత్తదానివి, మందలించి వదిలేస్తారు."

"నేను చెరపలేదు బావగారూ."

"సెషన్ నీదే కదా."

ఇవాళ ఆమె తన కంప్యూటర్లో ఆ సెషన్ చరిత్ర, అంటే అందులో కొట్టిన ఆదేశాల జాబితా, తెరిచి చూసింది. తను టీకి వెళ్లిన వేళకి బ్యాకప్‌లు చెరపమంటూ రెండు వరుసలున్నాయి. మొదటిది మొత్తం క్యాపిటల్ అక్షరాలు, సర్వరు ఒప్పుకోలేదు. రెండోది అదే ఆదేశం, చిన్న అక్షరాల్లో. అలా క్యాపిటల్స్‌లో కొట్టేది ఆఫీసు మొత్తంలో బావగారొక్కడే. ఇంటి వాట్సాప్ గ్రూపులో పాలు తెమ్మన్నా అలాగే కొడతాడు, అరిచినట్టు. సోమవారం ఆయన రిపోర్టు సేవ్ కావడానికి సర్వర్లో చోటు చాలలేదు, అంతే. ఊరి జబ్బులన్నీ ఆయన కంటికి చెత్తలా కనిపించాయి.

భోజనాల దగ్గర అత్తయ్య అంది, "పెద్దవాడు అంతగా అడుగుతున్నాడు, ఆ సంతకమేదో పడేస్తే పోలా?"

బావగారు అన్నంలో పెరుగు కలుపుకుంటున్నాడు.

"పెట్టను అత్తయ్యా," అంది చిన్నకోడలు, గొంతు పెంచకుండా. "సెషన్ తెరిచి వెళ్లడం నా తప్పని సూపరింటెండెంటుగారికి రాసిచ్చాను. చెరిపింది బావగారని కూడా రాశాను. రేపు పదింటికి ఇద్దర్నీ రమ్మన్నారు."