హక్కుల సభకు చాటింపు

జొన్న చొప్ప మంట మీద డప్పును తిప్పి తిప్పి కాచి, గోటితో ఒకసారి మీటి చూశాడు ఎర్రయ్య. ముసురు రోజుల్లో తోలు మాట వినదు. డప్పు మోగకపోతే శంకరయ్య పటేలు తిట్టేది ముసురును కాదు, ఎర్రయ్యను. అందుకే ఇంకాసేపు కాచాడు. అతని అరచేతులు కాయలు కాసి ఉన్నాయి. డప్పు తోలుపట్టీ ఒరుసుకునే చోట ఎడమ భుజం నల్లగా బండబారింది. డప్పు లేకుండా నడిచినా ఆ భుజం కాస్త కిందికే వాలి ఉంటుంది.

పేరుకే ఆ డప్పు ఎర్రయ్యది. నిజానికి ఎర్రయ్యే ఆ డప్పు సొత్తు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి అతనికి వచ్చింది. అది ఎవరి భుజాన ఉంటే వాడు పటేలుకు వెట్టి చెయ్యాలి. చాటింపు వెయ్యాలి, సర్కారీ మనిషి వస్తే మూటలు మొయ్యాలి, కట్టెలు కొట్టాలి, కూలి మాట మాత్రం ఎత్తకూడదు. ఇంట్లో గూటానికి తగిలించాలే తప్ప డప్పును నేల మీద పెట్టకూడదు. ఎవడైనా తెగించి పెడితే, దాన్ని ముందు ముట్టుకున్నవాడి మీద వెట్టి పడుతుంది. ఇది ఊరి కట్టు. ఎర్రయ్య తండ్రి ఒకసారి తెగించి కింద పెట్టాడు. చావడి స్తంభానికి కట్టేసి కొట్టి, మళ్ళీ ఆయనతోనే ఎత్తించారు.

సరిహద్దున లక్కడ్‌కోట్‌కు ఇవతల ఉన్న ఆ ఊరు హైదరాబాదు రాజ్యం నుంచి తెగి బొంబాయిలో కలిసి ఏడాది దాటింది. రాజ్యం మారింది, పటేలు మారలేదు. ఎర్రయ్య భార్య ఆగమ్మ ఓపిక పట్టి పట్టి, పోయిన ఎండాకాలం విసాపూర్‌లో ఉన్న తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయింది. తమ్ముడు సమ్మయ్య అక్కడ బొగ్గు తవ్వే బాయిలో పని చేస్తాడు.

"బాయిల నీకు గూడ పని దొరుకుతది. డప్పు ఏసుకోని మాత్రం రాకు. వస్తె తలుపు తియ్య," అని చెప్పి మరీ వెళ్ళింది.

ఆ రోజు చాందా పట్నం నుంచి ప్రహ్లాద్‌రావు వకీలు వచ్చాడు. సాయంత్రం చావడిలో మానవ హక్కుల మీద ఉపన్యాసం. జనాన్ని పిలిపించే పని ఆయన పటేలుకు అప్పగించాడు, పటేలు ఎర్రయ్యకు అప్పగించాడు. హక్కుల సభకు వెట్టి చాటింపు! ఈ విడ్డూరం ఎవరికీ తట్టలేదు. ఎర్రయ్యకూ తట్టలేదు. వకీలు కనబడితే తన గోడు చెప్పుకోవచ్చన్న సంబరంలో ఉన్నాడతను.

వాడవాడా తిరిగి డప్పు కొట్టాడు.

"ఇనుండ్రో! పొద్దు గూకంగ చావడి కాడ హక్కుల సభ ఉన్నదీ! ఇంటికొకలు రావాలె! రానోళ్ళకు జుర్మానా పడ్తదీ!"

ఈ జరిమానా సంగతి అతనికెవరూ చెప్పలేదు. తాత కాలం నుంచి ప్రతి చాటింపూ అలాగే ముగిసేది. ఆ ముక్క లేని చాటింపు ఒకటి ఉంటుందని అతనికి తెలియదు.

చావడి కిటకిటలాడింది. వకీలు మురిసిపోయాడు. పేదవాడికి హక్కుల మీద ఇంత దాహం ఉందని పట్నంలో చెబితే నమ్మరన్నాడు. మనుషులంతా సమానులై పుడతారన్నాడు. కూలి లేకుండా, బలవంతంగా ఒకడి చేత పని చేయించే హక్కు లోకంలో ఎవరికీ లేదన్నాడు. ఎర్రయ్యకు చావడిలోకి ప్రవేశం లేదు. బయట చూరు కింద తడుస్తూ విన్నాడు. ఆ ఒక్క మాటకు గడప దాకా వచ్చాడు.

"దొరా, జబర్దస్తి పని ఎవ్వలు చేపియ్యొద్దంటిరి. మరి నాది? గీ డప్పు దింపుకుంట. పటేలుకు ఒక్క మాట చెప్పుండ్రి, మీ కాల్మొక్త."

వకీలు పటేలు వైపు చూశాడు. రాత్రి భోజనం పటేలు ఇంట్లోనే.

"చూడవయ్యా, నేను చెప్పింది సిద్ధాంతం. ఆచరణ నెమ్మదిగా వస్తుంది. ముందు ప్రజల్లో చైతన్యం రావాలి. నువ్వు తొందరపడితే ఉద్యమమే చెడుతుంది."

ఎర్రయ్యకు సిద్ధాంతమంటే తెలియదు. లేదు పొమ్మనడం మాత్రం తెలుసు, పుట్టినప్పటి నుంచి వింటున్నదే.

ఇంతలో వెనక నుంచి ముసలి ఈరమ్మ లేచింది. "అయ్యా, నేనొచ్చిన్నని యాదికుంచుకోండ్రి. నాకు జుర్మానా పడది గద?"

"జుర్మానా ఏమిటి?" అన్నాడు వకీలు. నలుగురూ చెప్పారు. జనం ఎందుకొచ్చారో అప్పుడు తెలిసింది ఆయనకు. మొహం కందగడ్డ అయింది. "బెదిరించి తోలుకొచ్చావా? మూర్ఖుడా, నా సభకే మచ్చ తెచ్చావు!"

"నా పేరు మీద జుర్మానా ఏస్తవార, లమ్డికొడుకా?" పటేలు గద్దించాడు. "రేపటి సంది వారం దినాలు నా ఇంట్ల కట్టెలు కొట్టు. గదే నీకు జుర్మానా."

ఒళ్ళు మండే సంగతి ఇదీ. బలవంతపు పని కూడదని ఇంతకు ముందే చెప్పిన వకీలు ఆ మాట విని కూడా కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఎర్రయ్య వకీలును చూశాడు, పటేలును చూశాడు, తండ్రిని కట్టేసిన స్తంభాన్ని చూశాడు. తోలుపట్టీ తల మీదుగా తీసి, డప్పును గడప మీద అడ్డంగా పెట్టాడు.

"దింపిన," అన్నాడు.

అరచేతులు పంచెకు తుడుచుకుని ముసురులోకి నడిచాడు. ఎక్కడికి పోతున్నాడో చెప్పలేదు. విసాపూర్‌కు పోయే దోవ అదే.

"పట్టుకోండ్రిరా వాన్ని!" పటేలు అరిచాడు. చావడికి ఉన్నది ఒకటే తలుపు. దాటబోతే పంచె అంచైనా డప్పుకు తగులుతుంది, తగిలినవాడిదే వెట్టి. గడప దాకా ఉరికిన జీతగాళ్ళు ఆగిపోయారు.

"మీరైనా జరుపుండ్రి, వకీలు సాబ్. మనుషులంత సమానమే అంటిరి గద," అన్నది ఈరమ్మ.

"నాకేం పట్టింపు లేదమ్మా, ఊరివాళ్ళు ఏమనుకుంటారోనని..." అంటూ వకీలు కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

దీపం సన్నగిల్లుతున్నా లోపలివాళ్ళు లోపలే నిలబడ్డారు. గడప మీద డప్పు తడుస్తూ ఉంది, పొద్దున మంట మీద బిగిసిన తోలు మెల్లగా మెత్తబడుతూ.