నిలబెట్టిన పలక

పైకప్పు రేకుల మీద మధ్యాహ్నపు వాన దబదబా పడుతోంది. జసింతో తడిగుడ్డతో బల్లలు తుడుచుకుంటూ, ప్రతినిధులు వెళ్ళిపోయిన దేశాల పేరుపలకలను ఒక్కొక్కటిగా బోర్లా పడుకోబెడుతున్నాడు. బెలేం నగరంలో భూమి వేడి తగ్గించడానికని పెట్టిన ఆ ప్రపంచ సభ నిన్ననే ముగియవలసింది. ముగియలేదు.

కొబ్బరిపీచు లాంటి చేతులు అతనివి. పడవల్లోంచి అసాయి పళ్ళ బుట్టలు మోసీ మోసీ వీపు వంగింది. నది ఒడ్డున కర్రల మీద నిలబెట్టిన ఇల్లు. ఈమధ్య నదికి పోటు వచ్చినప్పుడల్లా వంటింటి చెక్కల సందుల్లోంచి నీళ్ళు పైకొస్తున్నాయి. భార్య జబ్బుపడి పోయింది ఆ తడిలోనే. ఇల్లు మాత్రం వదల్లేదు.

సభలో ఒక రివాజుంది. మాట్లాడదలచిన దేశం తన పలకను నిలువుగా నిలబెడుతుంది. ఒక్క పలక నిలబడి ఉన్నా అధ్యక్షుడు సుత్తి కొట్టి ఒప్పందం ఖాయం చేయకూడదు.

చివరి బల్ల దగ్గర ద్వీపదేశపు ముసలావిడ లవీనియా పొద్దుటి నుంచీ పలక నిలబెట్టుకునే కూర్చుంది. బొగ్గు, చమురు మానేయాలన్న మాటను ఒప్పందంలోంచి కొట్టేశారు. అధ్యక్షుడు ఆ వైపే చూడడు. ఆవిడ విమానం వేళ దాకా సాగదీస్తున్నారని ఊడ్చేవాళ్ళకు కూడా తెలుసు.

విమానం వేళయింది. ఆవిడ లేచి సంచీ భుజాన వేసుకుంది.

"దీన్ని పడుకోబెట్టకు నాయనా," అంది వచ్చీరాని పోర్చుగీసులో.

"నేనెందుకు పడుకోబెడతానమ్మా!"

వెళ్ళిపోయింది.

కాసేపటికి పనివాళ్ళ మేస్త్రీ ఇవొనేతి పరుగున వచ్చింది.

"బాబాయ్, ఖాళీ కుర్చీ ముందు పలకేంటి? తీసెయ్. వేదిక మీద సుత్తి పట్టుకుని కూర్చున్నారు."

"కూర్చోనీ. చెయ్యి నొప్పెడితే వాళ్ళే దింపుకుంటారు."

"వేళాకోళమా? పని పోద్ది!"

"మా వంటింట్లో చేపలు ఈదుతున్నాయమ్మాయ్. పని పోద్దని బెదిరిస్తావేంటి? ఆవిడ నిలబెట్టింది. ఆవిడే దింపాలి."

"అయితే కార్డు ఇచ్చేసి పో!"

మెడలోని కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు. తడిగుడ్డను మడిచి పలక అడుగున ఒత్తుగా దోపాడు. గొడుగు లేకుండానే వానలోకి నడిచాడు.

ఇవొనేతి పలక మీదికి చెయ్యి చాపింది. ఆమె తల్లి ఇల్లూ ఆ నది ఒడ్డునే. చెయ్యి వెనక్కి తీసుకుంది.

వేదిక మీద సుత్తి లేచి ఆగింది. ఏసీ గాలికి పలక ఒక్కసారి ఊగింది. అడుగున మడతపెట్టిన తడిగుడ్డ దాన్ని పడనివ్వలేదు.