పేపరు తేదీలోంచి ఒకటి తీసెయ్

ఆఫీసులో మా మామయ్యను ఎదురుగా ‘సార్’ అంటారు, వెనకాల ‘కేలెండరు’ అంటారు. రెండోదే ఆయనకు ఎక్కువ నచ్చుతుందని నా అనుమానం. ఎవరైనా దారిన పోతూ ఒక తేదీ అడిగితే చాలు, ఆ రోజున ఎక్కడెక్కడ ఏమేం జరిగాయో ఊపిరి తీసుకోకుండా ఏకరువు పెడతాడు. అడిగినవాళ్ళకు బస్సు తప్పిపోతున్నా వదలడు.

మాది సాయంత్రం పేపరు. మూడో పేజీలో కింద ‘ఇదే రోజున’ అని ఒక చిన్న పెట్టె వస్తుంది. దాన్ని రాసేది మామయ్య, పేజీలో కూర్చేది నేను. ఒక రాజుగారి పట్టాభిషేకం, ఇంకెప్పుడో ఒక ఓడ మునిగిపోవడం, మరో ఖండంలో ఏదో రోగానికి మందు దొరకడం, అన్నీ ఒకే తేదీ పుణ్యమా అని బస్టాండు బెంచీ మీద ముక్కూ మొహం తెలియని ప్రయాణికుల్లా పక్కపక్కన కూర్చుంటాయి. ఆఖరి వాక్యం మాత్రం మా ఊరి సంగతి. జనం రాజుల్ని వదిలేసి ముందు అదే చదువుతారు.

ప్రపంచం సంగతులకు లావుపాటి పుస్తకాలున్నాయి. ఊరి సంగతులకు మా పాత పేపర్లే దిక్కు. పేపరు మధ్యాహ్నం అచ్చవుతుంది కాబట్టి సాయంత్రం జరిగిన సంగతి మర్నాటి పేపర్లో గానీ రాదు. అందుకని మామయ్య ఒక సూత్రం పెట్టుకున్నాడు. సాయంత్రం సంగతి అయితే పేపరు తేదీలోంచి ఒకటి తీసెయ్. కొత్తగా చేరినవాళ్ళకు ఈ ముక్క చెప్పేటప్పుడు ఆయన మొహం చూసి తీరాలి. నిప్పు కనిపెట్టినవాడు కూడా అంత పొంగిపోయి ఉండడు.

ఆ సూత్రం మా నాన్న చావుకు కూడా పనిచేసింది.

మా నాన్న నూలు మిల్లులో మర చూసేవాడు. నేను పుట్టి మూడు వారాలైనా నిండకముందు సాయంత్రం షిఫ్టులో మిల్లు అంటుకుంది. లోపల ఉన్నవాళ్ళలో చాలామంది బయటికి రాలేదు, నాన్న కూడా రాలేదు. మామయ్య అప్పుడు వేరే ఊళ్ళో చదువుకుంటున్నాడు. కబురు అందుకుని రైలెక్కి వచ్చేసరికి అంతా అయిపోయింది. మిల్లు మళ్ళీ తెరవలేదు. మిగిలినవాళ్ళు పొట్ట చేత పట్టుకుని తలో ఊరూ వెళ్ళిపోయారు.

చాలా ఏళ్ళ తరవాత మామయ్య పేపర్లో చేరి ‘ఇదే రోజున’ మొదలుపెట్టాడు. ఊరి సంగతుల్లో మొట్టమొదట వెతికింది మిల్లు గురించే. అందులో దురుద్దేశం ఏమీ లేదు. బావ పేరు పదిమందికీ గుర్తుండాలనుకున్నాడు. పాత పేపర్లు కుట్టిన సంపుటాల్లో పద్ధెనిమిదో తేదీ, సోమవారం పేపరు మొదటి పేజీలో ఆ వార్త కనిపించింది. సాయంత్రం షిఫ్టు అని ఉంది, ఏ వారమో లేదు. సూత్రం ప్రకారం ఒకటి తీసేస్తే పదిహేడు, ఆదివారం. మునిసిపాలిటీ లెక్కలో కూడా ఆదివారమే ఉంది. శవాలను గుర్తుపట్టింది ఆ రోజున, వాళ్ళు అదే రాసుకున్నారు. ఇంకేం కావాలి?

అమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

“ఆదివారం కాదురా, శనివారం. మీ బావ గుమ్మంలో చెప్పులేసుకుంటూ అన్నాడు, రేపు ఆదివారం, పొద్దున్నించీ సాయంత్రం దాకా పిల్లని కింద పెట్టను, నువ్వు కళ్ళు మూసుకుని హాయిగా పడుకో అని. నాకు నిద్ర లేక కళ్ళు మండిపోతున్నాయి అప్పుడు.”

“అక్కా, నువ్వప్పుడు బాలింతవి. పైగా జ్వరం. నీకు పగలేదో రాత్రేదో తెలిసే పరిస్థితా?”

“ఆ మాట నా చెవులతో విన్నాను కదరా.”

“మాట అనే ఉంటాడు. నేను కాదన్నానా? ఏ శనివారం అన్నాడో ఎవరికి గుర్తు! ఇదుగో, పేపర్లో అచ్చయి ఉంది చూడు.”

అమ్మ పేపరు చూసింది. అచ్చులో ఉన్నదాంతో పోట్లాడటం ఆమెకు చేతకాదు. కానీ ఒక ప్రశ్న వేసింది. ఆదివారం మిల్లు మూసేస్తారు కదా, మరి లోపల మనుషులెందుకున్నారు? మామయ్య కనుక్కొస్తానని వెళ్ళిపోయాడు. మర్నాడు జవాబు దొరికిందని ఉత్సాహంగా వచ్చాడు. ఆదివారాలు ఓవర్‌టైమ్ ఉండేదట. ఎవరో పాత గుమాస్తా చెప్పాడు, అప్పుడప్పుడూ ఉండేదని. మామయ్య ఆ ‘అప్పుడప్పుడూ’ను వదిలేశాడు. పెట్టెలో ఇలా వేశాడు: “ఆదివారం సెలవును కూడా లెక్కచెయ్యక ఓవర్‌టైమ్ చేస్తున్న కార్మికులు నూలు మిల్లు ప్రమాదంలో మరణించారు.”

ఆ వాక్యానికి రెక్కలొచ్చాయి. ఏటా పదిహేడో తేదీన వచ్చేది. మునిసిపాలిటీవాళ్ళు పాత మిల్లు గేటు దగ్గర రాయి పాతినప్పుడు ‘సెలవును కూడా లెక్కచెయ్యక’తో సహా చెక్కించారు. ఎవరో ఒకరిద్దరు ముసలివాళ్ళు ఆఫీసుకొచ్చి శనివారం అన్నారు. వాళ్ళకూ మామయ్య సంపుటం తెరిచి చూపించాడు. తేదీల దగ్గర ఆయన ఒంటికాలి మీద లేస్తాడు. వాళ్ళు కళ్ళజోళ్ళు సర్దుకుని, ఏమో బాబూ, మీరు చదువుకున్నవాళ్ళు అని వెళ్ళిపోయారు.

కొన్నేళ్ళు అమ్మ శనివారం శనివారం అని పోరు పెట్టింది. తరవాత తగ్గించింది. ఒక ఏడు అసలు అనలేదు. “అక్క ఒప్పుకుందే అమ్మడూ,” అని మామయ్య నాతో సంబరంగా చెప్పాడు, ఏదో పరీక్ష నెగ్గినట్టు. నేను పట్టించుకోలేదు. నాకు నాన్న అంటే ఫొటోలో ఉన్న సన్నటి మనిషి, అంతకు మించి ఆ వాక్యం. పెళ్ళాం మంచంలో ఉంటే, మూడు వారాల పిల్ల ఒడిలో ఉంటే, ఆదివారం కూడా ఇంటిపట్టున ఉండని మనిషి. ఉండి ఉంటే బతికేవాడు. స్కూల్లో ఎవరైనా మీ నాన్న అంటే నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చేది. పెద్దయ్యాక ఏటా ఆ వాక్యాన్ని నా చేత్తోనే పేజీలో కూర్చాను, రాజుల కింద, ఓడల కింద.

ఈమధ్య మా పేపరుకు పెద్ద వార్షికోత్సవం వచ్చింది. ప్రత్యేక సంచికకు పేపరు కథంతా రాయమని ఎడిటరు మామయ్యకు పురమాయించాడు. ఎప్పుడూ కావలసిన తేదీ దగ్గర తెరిచి, రాసుకుని, మూసేసే మనిషి మొదటిసారి సంపుటాలను ఒక్కొక్క పేజీ తిప్పుతూ కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. పేజీలు తిప్పే చప్పుడు ఆగింది. ఎంతసేపటికీ మళ్ళీ మొదలవలేదు.

“ఏంటి మామయ్యా, నిద్రొచ్చిందా?”

“ఇలా రా.”

నాన్న పోయిన ఏడాది సంపుటం. ఒక పేజీ మూలన పాఠకులకు మనవి అని ఉంది. కాగితం కొరత వల్ల కొన్ని నెలలపాటు ఆదివారం పేపరు వెలువడదు, మన్నించగలరు. నాకు వెంటనే వెలగలేదు. మామయ్య పేజీలు తిప్పాడు. పదహారో తేదీ, శనివారం. దాని వెనక పేజీ పద్ధెనిమిదో తేదీ, సోమవారం. మధ్యలో ఏమీ లేదు. చించిన గుర్తు కూడా లేదు. ఆదివారం పేపరే లేదు.

శనివారం సాయంత్రం మిల్లు తగలబడింది. అప్పటికే ఆ రోజు పేపరు అమ్ముడైపోతోంది. ఆదివారం పేపరు లేదు. సోమవారం వేశారు. తీసెయ్యాల్సింది ఒకటి కాదు, రెండు.

“మరి ఓవర్‌టైమ్?” అన్నాను.

మామయ్య నా మొహం చూడలేదు. “అది నేను పెట్టిందే కదే,” అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అరుద్దామనుకున్నాను. మా నాన్న ఎప్పటిలాగే శనివారం షిఫ్టుకు వెళ్ళాడు. మర్నాడు నన్ను ఎత్తుకుని కూర్చుందామనుకుంటూ వెళ్ళాడు. అంతే. ఆయన మీద నేను పెంచుకున్న కోపానికి అసలు ఆధారమే లేదు. ఆ ఆధారాన్ని ఒక తీసివేత లెక్క కోసం ఈ పెద్దమనిషి తయారు చేశాడు.

సాయంత్రం ఇద్దరం కలిసి ఇంటికొచ్చాం. దారి పొడుగునా మామయ్య ఎలా చెప్పాలా అని గొణుక్కుంటూనే ఉన్నాడు. “సంతోషిస్తుందిలే,” అన్నాడు ఒకసారి. “తను చెప్పిందే నిజమని తేలింది కదా. నన్ను నాలుగు తిడుతుంది, పడతాను.” నేను కూడా అలాగే అనుకున్నాను. ఇన్నేళ్ళకైనా అమ్మ మాట నెగ్గింది కదా అనుకున్నాను.

అమ్మ మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది. మామయ్య కుర్చీ లాక్కోలేదు, నిలబడే చెప్పాడు. కాగితం కొరత, ఆదివారం పేపరు లేకపోవడం, శనివారం, సోమవారం. తప్పంతా తనదేనని దాచుకోకుండా చెప్పాడు. ఆ మాత్రం నిజాయితీ ఆయనకు ఎప్పుడూ ఉంది.

అమ్మ దుప్పటి మడత పూర్తి చేసింది. పక్కన పెట్టింది.

“అయితే ఓవర్‌టైమ్‌కి పోలేదా?”

“లేదక్కా. మామూలు షిఫ్టే.”

“ఆదివారం మిల్లుకి పోలేదా?”

“ఆదివారానికి బావ లేడక్కా.”

తిడుతుందని ఎదురుచూస్తున్నాం ఇద్దరం. మామయ్య తిట్లకు తల వంచుకుని సిద్ధంగా ఉన్నాడు కూడా.

“నేను నమ్మేశానురా,” అంది అమ్మ. “మొదట్లో నమ్మలేదు. నువ్వేమో చదువుకున్నవాడివి, అచ్చులో చూపిస్తివి. రాయి మీద చెక్కేశారు. నాకే జ్వరంలో బుర్ర చెడిందేమో అనుకున్నా. రాను రాను నాకు ఆదివారమే గుర్తుకు రావడం మొదలైంది. ఆయన మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే, చప్పుడు చెయ్యకుండా చొక్కా వేసుకుని, నేను లేస్తే అడ్డుపడతానని దొంగలా వెళ్ళిపోయినట్టు. కళ్ళకు కట్టినట్టు కనిపించేది. అదెక్కడిదిరా మరి? జరగనే లేదు కదా!”

“అక్కా, రేపే పేపర్లో సవరణ వేస్తాను. మొదటి పేజీలో వెయ్యమంటాను. ఆ రాయి కూడా మార్పించే దాకా...”

“వెయ్యి,” అంది అమ్మ. “ఊళ్ళోవాళ్ళు చదువుకుంటారు. ఇదీ చదువుకుంటుంది.” ఇది అంటే నేను. “నేను మాత్రం ఇన్నేళ్ళూ ఆ మనిషిని తిట్టుకుంటూ పడుకున్నానురా. మాట తప్పావు, నాలుగు రాళ్ళకి ఆశపడి నన్నూ పిల్లనీ వదిలేసి పోయావు అని. ఒక్క రాత్రి మంచిగా తలుచుకోలేదు. ఒక్క రాత్రి అయినా! నువ్వు మాకు చెప్పావు, బాగానే ఉంది. ఆయనకి ఎవరు చెప్తార్రా?”

ఏ తేదీ అడిగినా తడుముకోని మనిషి, మా మామయ్య, అమ్మ కాళ్ళ దగ్గర నేల మీద కూలబడ్డాడు. నేను అమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె నన్ను దగ్గరికి తీసుకోలేదు, తమ్ముణ్ణి తిట్టనూ లేదు. మడత పెట్టిన దుప్పటిని ఒళ్ళో పెట్టుకుని, గోడకేసి చూస్తూ, “లేదులే, పోలేదులే, నువ్వు పోలేదులే,” అని మెల్లగా అంటూనే ఉంది.