పది కిలోల పగ

నాగజ్యోతీ, ఆ ఫోను పక్కన పెట్టి ఇట్లా దగ్గరికి జరుగు. కువైట్ పోయే మన రాయచోటి వీధి వాళ్లు చెన్నై నుంచి నేరుగా పోయే విమానం వదిలి, శ్రీలంకలో దిగి ఎక్కి ఎందుకు పోతారని అడిగావు కదా. వేరే ఊర్ల సంగతి నాకు తెలియదు. మన వీధికి మాత్రం కారణం నా కడుపుమంట.

మీ మేనత్త మధులతకు కువైట్‌లో కాన్పు. బాలింతకు నలభై రోజులు పొద్దున్నే తినిపించాలని సొంటి, మిరియాలు, పిప్పళ్లు దంచి, బెల్లంపాకంలో నెయ్యి పోసి డబ్బా నిండా కాయం చేశాను. నా పాత చీరలు చించి పొత్తిగుడ్డలు కుట్టాను. కువైట్ పోయే మనిషి ఇరుగుపొరుగు మూటలు మోయక తప్పదు. ఈరక్క కొడుక్కి చింతపండు, ఇంకో ముగ్గురికి కారం, ఉలవలు, కొర్రలు. నేరుగా పోయే విమానానికి టికెట్టు మా బావ పెద్ద ఈరన్న కొడుకు భూపేష్ టికెట్ల అంగడిలో తీశాను.

"నలభై కిలోలు తీసకపో చిన్నమ్మా, నేనుండా గదా," అన్నాడు.

చెన్నైలో కౌంటరు పిల్ల టికెట్టు చూసి ముప్పయ్యే అంది. భూపేష్‌కు ఫోను చేశాను.

"ముసిల్దానివి, నీకెందుకు చిన్నమ్మా అన్ని మూటలు? ఏదో ఒగటి పారెయ్," అన్నాడు. అంగడిలో ఎవరో నవ్వడం కూడా వినిపించింది.

ఊరివాళ్ల మూటలు నమ్మి ఇచ్చినవి, వాటిని పారేసే హక్కు నాకు లేదు. కాయం డబ్బా, రాగిపిండి, వెల్లుల్లి, పొత్తిగుడ్డలు తీసి చెత్తబుట్ట పక్కన పెట్టాను.

పక్క వరసలో కోయిలకుంట్ల కృపమణి అనే పిల్ల రెండు పెద్ద అట్టపెట్టెలు దర్జాగా దాటించింది. ఎట్లమ్మా అని అడిగాను.

"కొలంబో మీద పోతాండా పెద్దమ్మా. దుడ్లు తక్కువ, లగేజీ నలభై. ఆడ అయిదు గంటలు కూచోవాల, అంతే. ఇంట్లో మాత్రం కూచోమా ఏంది?"

కువైట్‌లో బిడ్డను పక్కన వేసుకుని మధులత అడిగిన మొదటి మాట, "కాయం యాడమ్మా?" నడుం నొప్పితో ఆ పిల్ల మూలిగిన ప్రతి పొద్దూ నేను భూపేష్‌ను తలుచుకున్నాను.

తిరిగొచ్చాక నేరుగా అంగడికి పోయాను.

"నలభై అని ఎందుకు చెప్పినావప్పా?"

"చెప్పకుంటే నా కాడ కొంటావా చిన్నమ్మా?" అన్నాడు, కంప్యూటరు మీద నుంచి కళ్లు తీయకుండా. తప్పయిందని అని ఉంటే ఆ పొద్దే మర్చిపోయేదాన్ని.

మరుసటి రోజు మన శెనక్కాయల కాటా మోయించుకుని, ఆ అంగడికి ఎదురుగా ఉండే దర్జీ మహానంది అరుగు మీద పెట్టాను. భూపేష్ అంగడి మెట్లెక్కే ప్రతి మనిషినీ పిలిచాను.

"రాప్పా, నీ మూట ఊరికే తూస్తా. టికెట్టులో ఎన్ని కిలోలు రాసినాడో చదివించుకున్నావా?"

అయిదు గంటలు దండగ కదా అన్నవాళ్లకు చెత్తబుట్ట పక్కన నేను పెట్టిన డబ్బా సంగతి చెప్పాను. కొలంబో టికెట్లు తీసే కడప నాగశ్రీ నంబరు ఇచ్చాను. మూడు నెలలకు భూపేష్ కుర్చీల మీద దుమ్ము పట్టింది.

అప్పుడొచ్చాడు. "చిన్నమ్మా, కాటా తీసెయ్. పిల్లలు గలోన్ని."

"తీసేస్తా. నీ అంగడి ముందర నిలబడి, మా చిన్నమ్మకు అబద్ధం చెప్పినానని అందరూ వినేట్టు చెప్పు."

మహానంది మిషను ఆపాడు. భూపేష్ వీధి అటూ ఇటూ చూశాడు.

"అది మాత్రం నా చేత కాదు చిన్నమ్మా."

"అయితే ఇదీ నా చేత కాదు."

ఉగాదికి ముందే అంగడి మూసేశాడు. మా బావ ఇప్పటికీ మన గడప తొక్కడు. జాలి వేయలేదా అని చూడొద్దు నా వైపు. మధులత నలభై రోజులు ఎవరు తిరిగిస్తారు?

నువ్వు చదువుకున్నదానివి. రేపు ఎవరైనా అంతసేపు కొలంబోలో ఎందుకు కూచోవాలని అడిగితే, ఇదంతా మరవకుండా చెప్పు. ఎవరో ఒకతను అని దాటేయొద్దు. పెద్ద ఈరన్న కొడుకు భూపేష్ అని పేరు పెట్టి చెప్పు.